అవ్వ పిడికెడు

మిరపకాయలు కోసిన చేత్తో చంటిబిడ్డను తాకకూడదు. నాకు తెలిసిన మొదటి చట్టం ఇదే. దీన్ని ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ సవరించలేదు, ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. ఆ తర్వాత చాలా చట్టాల గురించి విన్నాను. ఈమధ్య ఒక చలిదేశం వాళ్ళ చట్టం కూడా, మధ్యలో ఒకాయన తెలుగులో చెబుతుంటే, కుర్చీలో కూర్చుని విన్నాను. ఇంత పొట్టి చట్టం మాత్రం మళ్ళీ ఎక్కడా కనిపించలేదు.

అది వినవలసి రావడానికి కారణం నా తమ్ముడు హనుమంతు కూతురు సుంకమ్మ. ఎమ్మిగనూరులో ఉంటుంది. ఆమె మొగుడు నాగన్న బెంగళూరులో మిద్దెలకు కాంక్రీటు పోసే పనిలో ఉంటాడు. ఒకరోజు పొద్దున్నే ఆ పిల్ల బస్సు దిగి, ఆదోనిలో మా పిండిమిల్లు దగ్గరికి నడిచి వచ్చి, జొన్నలు తూస్తున్న నా ఒళ్ళో బిడ్డను పెట్టింది. ఆడబిడ్డ. అప్పటికింకా పళ్ళు రాలేదు. కాటా పళ్ళెంలో జొన్నలు, ఒళ్ళో బిడ్డ. ఏది ముందు దించాలో నాకు తోచలేదు.

"అత్తా, దీన్ని నువ్వు సూసుకోవాల. నేను సుగ్గికి పోతాండా."

"యాడికి? గుంటూరుకా?"

"కాదు. ఇమానంలో."

మా ఆయన మిషను ఆపాడు. కరెంటు పోతే తప్ప ఆగని మిషను అది.

"ఇమానంలో సుగ్గి ఏందే?" అన్నాడు.

"పండ్లు కోసేది మామా. పండ్లు అయిపోతానే వాళ్ళే మళ్ళా పంపిస్తారు. దూరం ఎక్కువ, అంతే."

పంటకోతల కాలంలో ఊరు విడిచి పనికి పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. దూరం ఎక్కువ, అంతే అన్న మాట నేను చాలాసేపు తూచి చూసుకున్నాను. దూరం తప్ప మిగతాదంతా ఒకటే అయితే, లెక్క ప్రకారం నాకు తెలియంది అందులో ఏమీ ఉండకూడదు. నేను చదివింది ఐదో తరగతి. మిగిలిన లెక్కలు కాటా దగ్గర నాకు నేనే నేర్చుకున్నాను. సుగ్గి గురించి మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర లేదు, నేను అందులోనే పెరిగాను.

మా ఊరు కౌతాళం పక్కన. తుంగభద్ర కాలువ మా ఊరికి కనిపిస్తుంది, అందదు. కాలువకు కింద ఉన్న ఊళ్ళు వరి నాటుకుంటాయి. మేము పైన ఉన్నాం కాబట్టి వాన కోసం చూస్తాం. ఎత్తులో తేడా ఒక మనిషి నిలువంత ఉంటుందేమో. ఆ ఒక్క నిలువు కోసం మా ఊళ్ళో సగం మంది ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు పోయేవాళ్ళు. చెనిక్కాయ, అంటే వేరుశనగ, పీకడం అయిపోయి, ఊళ్ళో ఇంక చెయ్యడానికి ఏమీ లేదని అందరికీ ఒకేసారి తెలిసే రోజులు అవి. పోవడానికి ముందు మా అవ్వ నరసమ్మ పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టెలు కాలుస్తూనే ఉండేది. పల్చగా కొట్టి, పెనం మీద తేమంతా పోయేదాకా కాల్చి, గోడకు ఆనించి నిలబెట్టేది. అట్లా ఎండిన రొట్టె నెల దాటినా చెడదు. పలక విరిగినట్టు విరుగుతుంది. ఇల్లంతా జొన్నపిండి మాడిన వాసన, దాని కింద మిరపకాయలు వేసి రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి వాసన. ఆ రెండు వాసనలూ కలిస్తే పోయే కాలం వచ్చిందని మా కుక్కకు కూడా తెలిసేది. అది మంచం కింద దూరి బయటికి వచ్చేది కాదు. మేము పోయాక ఎవరింట్లో తినేదో నాకు తెలియదు. వచ్చేసరికి మాకంటే బాగుండేది.

మా జట్టుకు మేస్త్రి ఈరన్న మామ. దేవరగట్టులో దసరా నాటి కర్రల సమరంలో తగిలిన దెబ్బకు ఆయన నుదుటి మీద ఒక మచ్చ ఉండేది. అది ఒక కనుబొమను పైకి లాగి పట్టుకునేది కాబట్టి ఆయన ఎప్పుడు చూసినా ఆశ్చర్యపోతున్నట్టు ఉండేవాడు. నిజంగా ఆశ్చర్యపోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. లారీ వచ్చినప్పుడు మనుషుల్ని ఎక్కించేది ఆయనే. మా జట్టులో రెండు రకాల మనుషులు ఉండేవాళ్ళు. లెక్కలో ఉండేవాళ్ళు, లెక్కలో లేనివాళ్ళు. కోసేవాళ్ళు లెక్కలో ఉంటారు. ముసలివాళ్ళు, పిల్లలు, చంటిబిడ్డలు లెక్కలో ఉండరు. లెక్కలో లేనివాళ్ళను ముందుగా ఎక్కించి, గాలి తగలకుండా క్యాబిన్‌కు ఆనించి కూర్చోబెట్టేవాళ్ళు. లెక్కలో ఉండేవాళ్ళు చివరన ఎక్కి వెనకవైపు నిలబడేవాళ్ళు. రైతు ముప్పైమంది కావాలని కబురు పెడితే, ఈరన్న మామ లెక్కలోవాళ్ళు ముప్పై అయ్యేదాకా వెనకవైపు ఎక్కించేవాడు. ముందువైపు ఎంతమంది కూర్చున్నారో ఆయన ఎప్పుడూ చూసేవాడు కాదు. చూడకపోవడం ఆయన పద్ధతి.

నేను చెప్పబోయే ఏడు, లారీ పక్కన నిలబడ్డ నా నెత్తిమీద ఈరన్న మామ చెయ్యి పెట్టి, "లచ్చిమీ, నువ్వు ఈసారి ఎనక్కి పో" అన్నాడు. అంటే నేను లెక్కలోకి వచ్చాను. ఊళ్ళో అందరి వైపూ ఒకసారి చూసి ఎక్కాను. అప్పుడే మా అవ్వ, ఎవరూ చెప్పకుండానే, రొట్టెల మూట చంకలో పెట్టుకుని క్యాబిన్ వైపు పోయి పిల్లల మధ్య కూర్చుంది. ముందటేడు దాకా ఆమె వెనక నిలబడేది. ఆమె ఖాళీ చేసిన చోటే నాకు వచ్చిందని ఆ వయసులో నాకు తట్టలేదు. ముప్పై ముప్పైగానే ఉంది. లెక్క సరిపోతే నాకు అప్పటినుంచే వేరే అనుమానాలు వచ్చేవి కావు.

ఆ ఏడు రైతు కొత్తవాడు. కుదురైన మనిషి. మా కోసం బోరు పక్కన రేకుల షెడ్డు వేయించి, ముప్పై చాపలు కొని దొంతిగా పెట్టాడు. లారీ దిగుతున్న మమ్మల్ని చూపుడువేలితో లెక్కపెట్టుకుంటూ పోయి, ఒక చోట వేలు ఆపేశాడు.

"ఏంటి మేస్త్రీ, ముప్పైమందిని తెమ్మంటే ఊరు ఊరంతా లేపుకొచ్చావా?"

"ముప్పైయే అయ్యా."

"నేనిప్పుడే లెక్కపెట్టాను కదయ్యా."

"నువ్వు ఎవుర్ని పెట్టినావు?"

"అందర్నీ."

"అందర్నీ పెడితే యాడ సరిపోతాది? లెక్కలో ఉండేటోళ్ళను పెట్టల్ల."

"మరి వీళ్ళెవరు?"

"ఈళ్ళు ఆళ్ళతో వచ్చినోళ్ళు."

రైతు ముప్పై చాపల వైపు చూశాడు. ఆయనది చెడ్డ బుద్ధి కాదు. ముందటేడు ఆ పక్క పొలంలో కూలీల పిల్లవాడొకడు బావిలో పడ్డాడట. అందుకే పనిచేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ పొలంలో ఉండకూడదని ఆయన ఒక కట్టడి పెట్టుకున్నాడు. పాలు తాగే బిడ్డలు మాత్రం తల్లుల దగ్గర ఉండవచ్చు. ముసలివాళ్ళు, నడిచే పిల్లలు తిరిగి పోవాలి. బస్సు చార్జీలు తనే ఇస్తానన్నాడు, ఇచ్చాడు కూడా. మర్నాడు పొద్దున మా అవ్వనూ, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళనూ, పిల్లలనూ ట్రాక్టరు ట్రాలీలో రోడ్డు దాకా పంపించాడు. మా అవ్వ పోతూ పోతూ మా అమ్మ చేతుల వైపు ఒకసారి చూసింది. 

మిరపకోత చూడనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. పండిన కాయ కోస్తుంటే మొదటిరోజు కోసినవాళ్ళకు మంట తెలియదు, ఘాటు మాత్రం చేతికి అంటుకునే ఉంటుంది. రెండోరోజు గోళ్ళ కింద మంట మొదలవుతుంది. అక్కడినుంచి అది చేతుల్లోనే కాపురం ఉంటుంది. మట్టితో తోమినా, మజ్జిగతో కడిగినా, కొబ్బరినూనె రాసినా వాసన పోతుంది గాని ఘాటు పోదు. ఆ చేత్తో కన్ను తుడుచుకుంటే పెద్దవాళ్ళే కూలబడతారు. అందుకని మా జట్టులో పాలిచ్చే తల్లులు సాయంత్రం షెడ్డు ముందు వరసగా కూర్చుని, చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకునేవాళ్ళు. ముసలివాళ్ళు పైట తొలగించి, బిడ్డను రొమ్ముకు పట్టి, తాగడం అయ్యేదాకా మోసి, మళ్ళీ తీసుకుపోయేవాళ్ళు. కోతల కాలమంతా తల్లి బిడ్డను ముట్టుకోదు. వంగి ముద్దు పెట్టుకోవచ్చు, అంతే. బిడ్డల్ని మోసే అవ్వలు ఆ కాలమంతా మిరపకాయను తాకరు. ఊరిబిండి కూడా వేరేవాళ్ళు నూరాలి. మజ్జిగలో రొట్టె విరుచుకుని చప్పగా తినేవాళ్ళు. ఎవరికైనా అనుమానం వస్తే మా అవ్వ రెండు అరచేతులూ వాళ్ళ ముక్కు దగ్గర పెట్టి, "వాసన సూడు" అనేది. అవి సీకాయ వాసన వచ్చేవి.

అవ్వలు పోయిన రోజు మధ్యాహ్నం దాకా బాగానే గడిచింది. మా తమ్ముడు హనుమంతు అప్పుడు చంటివాడు. గట్టు మీద చీర ఉయ్యాలలో పడుకున్నాడు. లేచి ఏడ్చాడు. అమ్మ కాలువ మట్టితో చేతులు తోముకుంది, నూనె రాసుకుంది, పైటతో చుట్టుకుంది, అయినా ఎత్తుకునేటప్పుడు పైట జారి వేలు ఒకటి వాడి కంటికి తగిలింది. వాడి కేకకు బోరు మీద కాకులు లేచాయి. తర్వాత రెండో తల్లి బిడ్డ. తర్వాత మూడో తల్లి బిడ్డ. రైతు ఇల్లు ఆ పొలంలోనే ఉంది. సాయంత్రానికి ఆయన భార్య బయటికి వచ్చి, నీళ్ళతో, పాలతో, తనకు తెలిసినవాటన్నిటితో ఆ కళ్ళు కడిగింది. ఆమె కూడా ఆ రోజు కాయలు ఏరింది కాబట్టి అది కూడా పనికి రాలేదు.

మర్నాడు తల్లులు కోతకు దిగలేదు. చేతులు కడుక్కుని షెడ్డులో బిడ్డల్ని పెట్టుకుని కూర్చున్నారు. మిగతావాళ్ళు దిగారు గాని, తల్లులు లేని వరసల్లో కాయ కాయలాగే ఉండిపోయింది. రైతు మేస్త్రిని పిలిచాడు. నేను మంచినీళ్ళ బిందె దగ్గర ఉండి విన్నాను.

"ముప్పైమంది ఉన్నారన్నావు కదయ్యా. ఏరీ?"

"నిన్న ఉండిరి అయ్యా. అవ్వల్ని పంపిస్తివి, తగ్గిపాయ."

"అవ్వలు కోయరు కదా?"

"కొయ్యరు."

"కోయనివాళ్ళు పోతే కోసేవాళ్ళు ఎట్లా తగ్గుతారు?"

"అదే అయ్యా నేనూ సెప్పేది," అన్నాడు ఈరన్న మామ, ఆశ్చర్యపోతున్న ముఖంతో. "ముప్పై కావాలంటే ఆళ్ళు కావాల. ఆళ్ళు వద్దంటే ముప్పై లేరు."

రైతు కొంచెంసేపు నేల మీద చెప్పు రాశాడు. తర్వాత ట్రాక్టరు తీశాడు. బస్సువాళ్ళు ముసలివాళ్ళను ఈపాటికి ఊళ్ళో దింపేసి ఉంటారు, కౌతాళం దాకా పోవాలేమో అన్నాడు. ఎవరెవరో గుర్తుపట్టడానికి నన్ను ఎక్కించుకున్నాడు. కౌతాళం దాకా పోనవసరం లేకపోయింది. రోడ్డు మీద బస్సు ఆగే చోట, రేకుల నీడలో, మూడు రాళ్ళు పెట్టి మా అవ్వ గంజి కాస్తోంది. పిల్లలు చుట్టూ కూర్చుని ఉన్నారు. బస్సులు వచ్చినవి వచ్చినట్టు పోయాయట. ఒకటీ ఎక్కలేదు. చార్జీల డబ్బు కొంగున ముడివేసి ఉంది. ట్రాక్టరు ఆగినా ఆమె లేవలేదు.

"కన్ను మండిందా?" అంది.

"మండింది," అన్నాడు రైతు.

"యా కన్ను?"

రైతుకు తెలియలేదు. నా వైపు చూశాడు. "ఎడమది," అన్నాను.

"ఆ," అంది అవ్వ. పొయ్యి ఆర్పి, చార్జీల డబ్బు ముడి విప్పి ఆయన చేతిలో పెట్టింది. "ఇది నీది అప్పా. మేము పోలేదు కదా." తర్వాత ట్రాలీ ఎక్కింది. పోయేటప్పుడు కూర్చున్నచోటే కూర్చుంది.

అవ్వలు రాగానే తల్లులు మళ్ళీ కోతకు దిగారు. ఆ సాయంత్రం రైతు తూకం దగ్గర నిలబడ్డాడు. అక్కడే ఆయనకు మా రెండో సంగతి కనిపించింది. బుట్ట కాటా మీద పెట్టేముందు కోసినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక పిడికెడు కాయ తీసి పక్కన పరిచిన గుడ్డలో వేశారు. దాన్ని అవ్వ పిడికెడు అంటారు. లెక్కలో లేనివాళ్ళ భాగం అది. కోతలు అయ్యేదాకా ఎండబెట్టి, మూటకట్టి, ఊరికి తీసుకుపోతే ఏడాదంతా ఇంటికి కారం. అవ్వలు ఆ గుడ్డను కూడా ముట్టుకోరు కాబట్టి దాన్ని ముడివేసేది నేను. నేను అప్పటికే ఎవరి పిడికిలి ఎంతో కనిపెట్టేశాను. ఈరన్న మామది పెద్ద చెయ్యి, చిన్న పిడికిలి. మా అమ్మది చిన్న చెయ్యి, కాయలు వేళ్ళ సందుల్లోంచి పొర్లిపోయేవి. వేసేటప్పుడు ఎవరూ ఎవరి చేతినీ చూడరు. నేను చూసేదాన్ని.

రైతు కూడా లెక్కల మనిషే. "ఆగు మేస్త్రీ. ఆ కాయ నాది కదా?"

"కాయ నీది, కోత మాది. సగం సగం."

"నా సగం నన్ను అడక్కుండా వేసేస్తున్నారే."

"ఆ రోడ్డు మీద నీకోసం కూసునింది కదయ్యా అవ్వ. నిన్నడిగి కూసునిందా?"

రైతు గుడ్డలోని కాయల్ని చూశాడు, షెడ్డు ముందు చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చున్న తల్లుల్ని చూశాడు. "సరే, తరుగులో పోయిందనుకుంటాలే," అన్నాడు. కోతలు అయ్యేదాకా ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మేము తిరిగి వచ్చేటప్పుడు ముప్పై చాపలూ మాకే ఇచ్చేశాడు. లారీలో క్యాబిన్ వైపు పరుచుకున్నాం.

ఇదంతా నాకు వరసగా గుర్తుకు వచ్చింది ఆదోనిలో ఒక లాడ్జి పక్క హాల్లో, సుంకమ్మ బిడ్డను ఎత్తుకుని కూర్చున్నప్పుడు. హైదరాబాదు నుంచి వచ్చిన ఏజెంటు కుర్రవాడు బల్ల వెనక కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాద తెలిసినవాడు. అతని పక్కన కంప్యూటరు తెరలో ఆ చలిదేశపు ఆవిడ. మంచి ముఖం. కోత చూపించమన్నారు. ట్రేలో టమేటాలు పెట్టి, నలగకుండా ఎంత వేగంగా డబ్బాలోకి సర్దుతారో చూశారు. సుంకమ్మ చేతులకు అది ఆట. తెరలో ఆవిడ చప్పట్లు కొట్టింది. తర్వాత ఏజెంటు కలం తీశాడు.

"ఎంతమంది వెళ్తున్నారమ్మా మీ తరఫున?"

"నేనొక్కదాన్నే సార్."

"గుడ్."

"నాతో బిడ్డ, అత్త."

అతను కలం దించాడు. "ఒక్కదాన్నే అన్నారు కదా?"

"ఒక్కదాన్నే సార్. ఈళ్ళు నాతో వచ్చేటోళ్ళు."

ఆ మాట విని నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. బిడ్డను చూసుకోమన్నది ఇక్కడ ఉండి కాదు, తనతో అక్కడికి వచ్చి అని నాకు అప్పుడే తెలిసింది. సుంకమ్మ పుట్టేసరికి ఈరన్న మామ లేడు. కానీ ఆ పిల్ల కూడా మా తమ్ముడి వెంట మిరపకు పోయి పెరిగింది. జట్లు చిన్నవయ్యాయి, లారీ పోయి వ్యాను వచ్చింది, లెక్క మాత్రం అదే ఉన్నట్టుంది.

ఏజెంటు ఓపికగా చెప్పాడు. వీసా ఒక మనిషికి. ఒక పొలానికి. ఆ పొలం నచ్చకపోయినా పక్క పొలానికి పోకూడదు. పండ్లు అయిపోగానే తిరిగి రావాలి. వెంట ఎవరూ రాకూడదు. నలభై దాటినవాళ్ళు, జబ్బు ఉన్నవాళ్ళు వద్దు. "బిడ్డ గురించి మీరేం దిగులు పెట్టుకోకండి. బిడ్డ ఇక్కడ ఉండటమే మంచిది. తిరిగి వస్తారని వాళ్ళకు నమ్మకం కుదురుతుంది. మీ ఫైలుకు అది ప్లస్."

నా ఒళ్ళో ఉన్న ప్లస్ వైపు చూశాను. అది నా పైటకొంగు నములుతోంది.

"మరి అత్త సంగతి?" అన్నాను.

"ఏ అత్త?"

"నేనే."

"మీ గురించి ఏమీ అడగలేదమ్మా," అన్నాడు మర్యాదగానే.

"ఇంకొక్కటి సార్. ఆడ కోసేటోళ్ళ పిల్లల్ని ఎవురు ఎత్తుకుంటారు?"

"అక్కడ పిల్లలు ఉండరమ్మా."

"కోసేటోళ్ళకు పిల్లలు ఉండరా?"

"ఉంటారు. అక్కడ ఉండరు."

తెరలో ఆవిడ మేమేం మాట్లాడుకుంటున్నామని అడిగినట్టుంది. అతను చాలా చిన్న మాట ఒకటి చెప్పాడు. ఆవిడ తృప్తిగా తలూపింది. మేం మాట్లాడినదంతా అంత చిన్న మాటలో ఎట్లా పట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నేను ఆ దేశాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్ళకూ ఏదో ఒక బావి ఉండే ఉంటుంది, ఎవరో ఒకరు పడే ఉంటారు. వాళ్ళ షెడ్డు, వాళ్ళ చాపలు. గుంటూరు వైపు రైతు కూడా మొదట అదే లెక్క వేశాడు. ఆయన దాన్ని ఒక్క రోజులో దిద్దుకున్నాడు. తెలివి ఎక్కువై కాదు. ఏడుపు ఆయన ఇంటికి వినిపించేంత దగ్గరలో ఉంది, అవ్వ ట్రాక్టరు పోయేంత దూరంలో ఉంది. కేక వినపడనంత దూరంలో కూర్చుని చేసిన చట్టానికి ఆ సౌకర్యం లేదు. దూరం ఎక్కువ, అంతే అన్న సుంకమ్మ మాట నిజమే. నేను తక్కువగా తూచింది దాన్నే.

పోవద్దని నేను అనలేదు. ఇంటికి కప్పు వేసుకోవాలని ఆ పిల్ల కోరిక. కప్పు లేని ఇంట్లో ఆ పిల్లే ఉంటోంది, నేను కాదు. పాలు మాన్పించడానికి వేపాకు నూరి రాసుకుంది. బిడ్డ ముఖం చిట్లించి, అయినా తాగింది. చివరికి మానింది బిడ్డ కాదు, పోవలసిన రోజు వచ్చి సుంకమ్మే మానింది. హైదరాబాదు బస్సు ఎక్కుతూ, "అత్తా, నన్ను మర్సిపోనియ్యద్దు దాన్ని," అంది. నేను మాట ఇవ్వలేదు. నేను తూచలేని సరుకు గురించి ఎవరికీ మాట ఇవ్వను. "బస్సు ఎక్కు," అన్నాను. ఎక్కింది. అందరికంటే చివరన ఎక్కింది.

మా మిల్లులో రెండు మిషన్లు. ఒకటి జొన్నలు, రాగులకు. రెండోది కారానికి. బిడ్డ వచ్చిన రోజే కారం మిషను ఆపించాను. మిల్లు ముందు గోడ మీద కారం అన్న మాటకు మా ఆయన సున్నం పూశాడు. మిరపకాయలు తెచ్చిన వాళ్ళకు పక్క వీధి మిల్లు చూపిస్తున్నాం. మాకు పోటీగా పెట్టిన మిల్లు అది. ఆ మిల్లువాళ్ళు ఇప్పుడు మా పంచలోకి వచ్చి యోగక్షేమాలు అడుగుతున్నారు. వంటలో కారం నేను వెయ్యడం లేదు. మా ఆయన తన కంచంలో తనే చల్లుకుని, దూరంగా కూర్చుని తిని, నాకు చెప్పకుండానే చేతులు సీకాయతో కడుక్కుని వస్తాడు. నేను వాసన చూస్తాను. వంట బాగుందని ఆయన ఈమధ్య అనడం లేదు. బాగాలేదని కూడా అనలేదు.

సుంకమ్మ మధ్యాహ్నాలు ఫోను చేస్తుంది, అక్కడ వాళ్ళకు అది పని మొదలయ్యే ముందు సమయమట. బిడ్డ మొదట్లో తెరలోని ముఖాన్ని గోకి చూసేది. ఇప్పుడు ఫోను తిప్పి వెనకవైపు చూస్తుంది. వెనక ఎవరూ ఉండరు. మళ్ళీ ముందుకు తిప్పుతుంది. మర్చిపోయినదైతే అట్లా వెతకదని నా అంచనా. సుంకమ్మకు ఆ మాట చెప్పలేదు. అంచనాను తూకమని చెప్పే అలవాటు నాకు లేదు.

మొన్న ఫోనులో ఆ పిల్ల నవ్వుతూ ఉంది.

"ఏందే నవ్వు?"

"అత్తా, మొదటి దినం ఏమైందంటే, ట్రే కాటా మీద పెట్టేముందు సెయ్యి దానంతట అదే పిడికెడు పండ్లు తీసి పక్కన పెట్టేసింది."

"పెడితే?"

"ఇదెవురిదని అడిగింది సూపర్‌వైజరమ్మ. ఏమని సెప్పల్ల? నాతో ఎవురూ రాలేదు కదా.  కింద పెట్టిన పండు మళ్ళా డబ్బాలో కట్టకూడదంట. తరుగని రాసుకుని చెత్తడబ్బాలో ఏసేసింది."

తరుగు అన్న మాట నేను మళ్ళీ అట్లా వింటాననుకోలేదు. రైతు అన్నప్పుడు అది మూటలో చేరి, మా ఇంటికి వచ్చి, ఏడాదంతా మా కూరల్లో ఉంది.

"ఇప్పుడు మానేసినావు కదా?"

సుంకమ్మ పక్కకు చూసింది. అక్కడ ఏముందో నాకు కనిపించలేదు.

"లేదత్తా. రోజూ తీస్తాండా."

"చెత్తలో వేస్తారు కదే."

"ఏసుకోనీ."

బిడ్డ ఫోను లాక్కుని తిప్పింది. మళ్ళీ ఇటు తిప్పేసరికి సుంకమ్మ పనికి పోయే తొందరలో ఉంది. పోతూ పోతూ ఇంకొక మాట చెప్పింది. ఆ ఒక్క వరసలోనే రోజూ పిడికెడు తరుగు ఎందుకు వస్తోందో కనుక్కోవడానికి వాళ్ళు ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టారట.